కేసు ఉందా అని ఆగకండి, ఏమైందో చూడండి
పోలీసు, కోర్టు రికార్డులు అడిగి తీసుకునే పద్ధతి

సంబంధం ఖాయం చేసుకునేటప్పుడు, ఇల్లు కిరాయికి ఇచ్చేటప్పుడు, భూమికి బయానా కట్టేటప్పుడు, పిల్లలు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేటప్పుడు మన ఇళ్లలో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "మనిషి ఎట్లాంటోడు? ఏమన్న కేసులున్నయా?" మన మంచిర్యాల జిల్లా చెన్నూరులో ఈ ప్రశ్నకు జవాబు సాధారణంగా నోటిమాటగానే దొరుకుతుంది. ఒకరు "పదేండ్ల కింద ఏదో కొట్లాట కేసుండె" అంటారు. ఇంకొకరు "అది ఎప్పుడో కొట్టేసిండ్రు" అంటారు. రెండు మాటల మధ్య ఒక పెళ్లి ఆగిపోతుంది, లేదా ఆగాల్సిన బేరం సాగిపోతుంది.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఒక మనిషి గురించి నిర్ణయం తీసుకునే ముందు నోటిమాట మీద ఆగకండి, కాగితం చూడండి. కాగితం చూసినా మొదటి పేజీ దగ్గర ఆగకండి, చివరి పేజీ చదవండి. ఎఫ్‌ఐఆర్ మొదటి పేజీ. తీర్పు చివరి పేజీ. మొదటి పేజీ చూసి మనిషిని తూచడం అన్యాయం. చివరి పేజీ చూడకుండా నమ్మడం ప్రమాదం. ఆ రెండు పేజీలనూ ఎక్కడ, ఎవరిని, ఎట్లా అడగాలో ఇప్పుడు వరుసగా చూద్దాం.

ముందు మీ పేరే వెతకండి

ఇతరుల సంగతి తర్వాత. మొదట మీ పేరు మీద, మీ ఇంట్లో ఉద్యోగం వెతుక్కుంటున్న పిల్లల పేరు మీద ఏముందో తెలుసుకోండి. కానిస్టేబుల్ కొలువు, సింగరేణి ఉద్యోగం, గురుకులంలో టీచర్ పోస్టు ఏదైనా కావచ్చు, ఎంపికైన తర్వాత ఒక ఫారం చేతికిస్తారు. మీ మీద ఎప్పుడైనా కేసు నమోదైందా, అరెస్టయ్యారా, శిక్ష పడిందా, ఇప్పుడు కేసు నడుస్తోందా అని విడివిడిగా అడుగుతారు. అక్కడ చాలామంది "లేదు" అని రాసి సంతకం పెడతారు. కొందరు భయంతో దాస్తారు. ఇంకొందరికి తమ మీద కేసు ఉన్నట్టు నిజంగానే తెలియదు. ఊళ్లో గొడవ జరిగినప్పుడు ఫిర్యాదులో పది పేర్లు రాస్తే అందులో తమ పేరూ పడిందని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు.

దాచినందుకు ఉద్యోగం పోతుందా? 2016 జులై 21న అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దీని మీద స్పష్టమైన సూత్రాలు ఇచ్చింది. అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి, ఏదీ దాచకూడదు. దాచినది చిన్న కేసయితే, ఉదాహరణకు చిన్న వయసులో నినాదాలు చేసినందుకు పెట్టిన కేసులాంటిదైతే, యజమాని దాన్ని మన్నించవచ్చు. కేసు ఉందని నిజాయితీగా రాసినా, అభ్యర్థి పూర్వచరిత్రను పరిశీలించే హక్కు యజమానికి ఉంటుంది. ఫారంలో ఆ ప్రశ్న స్పష్టంగా అడగకపోతే, చెప్పలేదని తప్పు పట్టడానికి వీల్లేదు.

నినాదాల కేసు అంటే మన ప్రాంతంలో వెంటనే తెలంగాణ ఉద్యమం గుర్తుకొస్తుంది. 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మెలో సింగరేణి గనులు మూతపడ్డాయి, రోడ్ల మీద వంటావార్పులు జరిగాయి, పట్టాల మీద జనం కూర్చున్నారు. అప్పటి కేసుల ఉపసంహరణకు రాష్ట్రం వచ్చాక ప్రభుత్వం ఉత్తర్వులు ఇచ్చింది. "జీవో వచ్చింది కదా, కేసు పోయింది" అని చాలామంది నిశ్చింతగా ఉండిపోయారు. ప్రభుత్వ ఉత్తర్వుతోనే కోర్టులో ఉన్న కేసు ముగిసిపోదు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ కోర్టులో పిటిషన్ వేయాలి, కోర్టు ఒప్పుకొని ఆర్డరు ఇవ్వాలి. పాత సీఆర్‌పీసీలో ఇది 321వ సెక్షను, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 360వ సెక్షను. రైల్వే చట్టం లాంటి కేంద్ర చట్టాల కింద పెట్టిన కేసులకైతే కేంద్రం అనుమతి కూడా కావాలి. అందుకే ఉద్యమ కేసు ఉన్నవాళ్లు జీవో జిరాక్సుతో సరిపెట్టుకోకుండా కోర్టు ఆర్డరు సర్టిఫైడ్ కాపీ తెచ్చి ఇంట్లో పెట్టుకోవాలి.

ఏ కాగితం ఎక్కడ ఉంటుంది

మన దగ్గర ఒక మనిషి చరిత్ర మొత్తం ఒకే కిటికీ దగ్గర దొరకదు. దానికి కారణం ఉంది. నేరం నమోదు చేసేది పోలీసులు, తేల్చేది కోర్టు. ఎవరి పుస్తకం వాళ్లది.

చెన్నూరు పోలీస్ స్టేషన్ రామగుండం పోలీస్ కమిషనరేట్ పరిధిలోకి వస్తుంది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మంచిర్యాల, పెద్దపల్లి జిల్లాలను కలిపి ఈ కమిషనరేట్ పెట్టారు. అంతకుముందు మనది ఆదిలాబాద్ ఎస్పీ పరిధి. ఎఫ్‌ఐఆర్, దేశంలోని అవసరాలకు పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ పోలీసుల దగ్గర దొరుకుతాయి.

చెన్నూరులో జూనియర్ సివిల్ జడ్జి కోర్టు ఉంది. చిన్న క్రిమినల్ కేసులు, చిన్న సివిల్ దావాలు ఇక్కడే నడుస్తాయి. హత్య, అత్యాచారం లాంటి సెషన్స్ కేసులు పైకోర్టుకు వెళ్తాయి. 2022 జూన్ 2న రాష్ట్రంలో కొత్త జ్యుడీషియల్ జిల్లాలు ప్రారంభమైనప్పుడు మంచిర్యాలకు సొంత జిల్లా కోర్టు వచ్చింది. అంతకుముందు జిల్లా కోర్టు ఆదిలాబాద్‌లోనే కాబట్టి, పాత కేసు వెతికేటప్పుడు మంచిర్యాలలో దొరకకపోతే ఆదిలాబాద్‌లో కూడా చూడాలి.

ప్రాణహిత దాటితే మహారాష్ట్ర. సిరొంచ వైపు చుట్టరికాలు, వ్యాపారాలు ఉన్నవాళ్లు మనలో చాలామంది. అవతలి ఒడ్డు మనిషి గురించి వెతకాలంటే గడ్చిరోలి జిల్లా రికార్డులు చూడాలి. ఇక్కడి పోలీసు సర్టిఫికెట్ చూసి అక్కడి సంగతి తేల్చుకోలేం.

పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్

దీన్ని అందరూ పీసీసీ అంటారు. ఒక మనిషి మీద పోలీసు రికార్డుల్లో ప్రతికూలంగా ఏమీ లేదని, లేదా ఫలానా కేసు ఉందని పోలీసులు రాసిచ్చే కాగితం. ఇందులో రెండు దారులున్నాయి. ఏ దారి మీదో ముందే తేల్చుకోకపోతే డబ్బు, రోజులు రెండూ వృథా.

మొదటి దారి దేశంలోని అవసరాలకు. ప్రైవేటు ఉద్యోగం, సెక్యూరిటీ ఏజెన్సీ, కాంట్రాక్టు పని లాంటి వాటికి తెలంగాణ పోలీసుల ఆన్‌లైన్ వెరిఫికేషన్ సేవలో దరఖాస్తు పెట్టాలి. ఆధార్, ఫోటో, చిరునామా రుజువు, ఏ అవసరానికో వివరం ఇవ్వాలి. ఫీజు ఆన్‌లైన్‌లోనే కడతారు. ఆ తర్వాత విచారణ మీరుండే చిరునామా ప్రకారం జరుగుతుంది. గత కొన్నేళ్లలో వేరే ఊళ్లో ఉండి ఉంటే ఆ చిరునామా కూడా దాచకుండా రాయండి. నెట్ సెంటర్‌లో నింపించుకున్నా, దరఖాస్తులో మీ సొంత ఫోన్ నంబరే ఇప్పించండి. మెసేజ్ వేరేవాళ్ల ఫోన్‌కు వెళ్తే విచారణకు పిలిచిన రోజు మీకు తెలియదు.

రెండో దారి విదేశాలకు. గల్ఫ్ ఉద్యోగం, దీర్ఘకాల వీసా, అక్కడే స్థిరపడటం లాంటి వాటికి పీసీసీ ఇచ్చేది పాస్‌పోర్టు ఆఫీసు. టూరిస్టు వీసాకు దీన్ని ఇవ్వరు. పాస్‌పోర్టు సేవా వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టి 500 రూపాయలు కట్టి, అపాయింట్‌మెంట్ రోజున అసలు పాస్‌పోర్టుతో వెళ్లాలి. మనకు దగ్గరలో కరీంనగర్, నిజామాబాద్‌లలో పాస్‌పోర్టు సేవా కేంద్రాలున్నాయి. 2022 సెప్టెంబరు 28 నుంచి పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రాల్లో కూడా పీసీసీ అపాయింట్‌మెంట్ తీసుకునే వీలు కల్పించారు. ఈ పనిని ఏజెంటు వేలు తీసుకొని చేస్తానంటే, అసలు ఫీజు 500 అని గుర్తు పెట్టుకోండి.

కేసు ఉన్నవాళ్లకు పాస్‌పోర్టు పూర్తిగా మూసుకుపోయిన తలుపేమీ కాదు. ఎఫ్‌ఐఆర్ నమోదై కోర్టు ఇంకా కేసును విచారణకు తీసుకోని దశలో, కోర్టులో కేసు పెండింగ్ ఉన్నట్టు లెక్క కాదని విదేశాంగ శాఖ 2019 అక్టోబరులో స్పష్టం చేసింది. కోర్టులో నిజంగానే కేసు నడుస్తుంటే, 1993 ఆగస్టు 25 నోటిఫికేషన్ ప్రకారం ఆ కోర్టు నుంచి విదేశం వెళ్లడానికి అనుమతి ఆర్డరు తెచ్చుకొని పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టవచ్చు. ఏజెంటు మాట విని కేసును దాచడం కంటే ఇక్కడే లాయరుతో ఒక పిటిషన్ వేయించుకోవడం మేలు.

పీసీసీకి ఒక హద్దుంది. అది ఇచ్చిన రోజు వరకే చెప్పగలదు. రేపు నమోదయ్యే కేసు ఇవాళ్టి సర్టిఫికెట్‌లో ఉండదు. సివిల్ దావాలు, భూమి తగాదాలు కూడా అందులో కనపడవు.

ఎఫ్‌ఐఆర్ కాపీ

ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు, బాధితులకు ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఇది దయ మీద వచ్చేది కాదు, సురక్షా సంహిత 173వ సెక్షను ఇచ్చిన హక్కు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు బాధితులకు తెలియజేయాలని కూడా అదే చట్టం 193వ సెక్షనులో ఉంది.

నిందితులకూ దారి ఉంది. 2016 సెప్టెంబరు 7న యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు, ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని ఆదేశించింది. నెట్ సౌకర్యం సరిగా లేనిచోట 72 గంటల వరకు గడువిచ్చింది. తన పేరు ఎఫ్‌ఐఆర్‌లో ఉందని అనుమానం ఉన్న మనిషి స్వయంగా గానీ, తన తరఫున మరొకరి ద్వారా గానీ దరఖాస్తు పెట్టి కాపీ తీసుకోవచ్చని చెప్పింది. లైంగిక నేరాలు, పోక్సో, ఉగ్రవాదం లాంటి సున్నితమైన కేసుల ఎఫ్‌ఐఆర్‌లు మాత్రం వెబ్‌సైట్‌లో పెట్టరు.

అడిగేటప్పుడు క్రైం నంబరు, సంవత్సరం, స్టేషన్ పేరు మూడూ ఉంటే పని నిమిషాల్లో అవుతుంది. నంబరు తెలియకపోతే గొడవ జరిగిన తేదీ, ఫిర్యాదుదారు పేరు చెప్పండి.

ఇంట్లో కూర్చొని కోర్టు రికార్డు చూడటం

ఇప్పుడు ఫోన్ చేతిలోకి తీసుకోండి. ఈ-కోర్ట్స్ సర్వీసెస్ అనే యాప్, అదే పేరుతో వెబ్‌సైట్ రెండూ ఉన్నాయి. ఏ ఫీజూ లేదు, లాగిన్ అక్కర్లేదు. వెబ్‌సైట్‌లో కేస్ స్టేటస్ తెరిచి రాష్ట్రం తెలంగాణ, జిల్లా మంచిర్యాల, కోర్టు కాంప్లెక్స్ చెన్నూరు అని ఎంచుకోండి. పార్టీ పేరుతో, ఎఫ్‌ఐఆర్ నంబరుతో, కేసు నంబరుతో, లాయరు పేరుతో వెతికే వీలుంది.

పేరుతో వెతకడంలోనే మనవాళ్లు ఎక్కువగా తడబడతారు. పేరులో కనీసం మూడు ఇంగ్లిష్ అక్షరాలు, కేసు నమోదైన సంవత్సరం ఇవ్వాలి. మన పేర్లను ఇంగ్లిష్‌లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. లక్ష్మి పేరు మధ్యలో కేఎస్‌హెచ్ అని ఒకరు, ఎక్స్ అని ఒకరు రాస్తారు. కాబట్టి పూర్తి పేరు కొట్టకుండా, మారని మూడు నాలుగు అక్షరాలు మాత్రమే కొట్టండి. ఇంటిపేరుతో ఒకసారి, అసలు పేరుతో ఒకసారి చూడండి. పెండింగ్, డిస్పోజ్డ్ రెండూ వచ్చేలా ఎంచుకోండి. తర్వాత సంవత్సరం మార్చుకుంటూ పోవాలి. ఓపికగా పదేళ్లు చూడటానికి అరగంట పడుతుంది.

ఫలితాల్లో కేసు రకం పొట్టి అక్షరాల్లో ఉంటుంది. సీసీ అంటే మెజిస్ట్రేట్ కోర్టులో నడిచే మామూలు క్రిమినల్ కేసు. ఎస్‌టీసీ అంటే సమ్మరీగా విచారించే చిన్న కేసు. పీఆర్‌సీ అంటే సెషన్స్ కోర్టుకు పంపాల్సిన కేసు. ఎస్‌సీ అంటే సెషన్స్ కేసు, దీనికి కులంతో సంబంధం లేదు. డీవీసీ గృహహింస కేసు, ఎంసీ మనోవర్తి కేసు. ఓఎస్ అంటే సివిల్ దావా.

ఒక కేసు మీద నొక్కితే పూర్తి వివరం తెరుచుకుంటుంది. పై భాగంలో 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది. దేశంలో ఆ కేసుకు అదొక్కటే గుర్తు. దాన్ని రాసి పెట్టుకోండి. తర్వాత ఎప్పుడైనా ఇంగ్లిష్‌లో ఈకోర్ట్స్ అని టైపు చేసి, ఒక ఖాళీ వదిలి ఆ నంబరు రాసి 9766899899కు ఎస్‌ఎంఎస్ పంపితే కేసు స్థితి ఫోన్‌కే వస్తుంది.

కింద పార్టీల పేర్లుంటాయి. క్రిమినల్ కేసులో పిటిషనర్ గడిలో ప్రభుత్వం, స్టేషన్ హౌస్ ఆఫీసర్ అని ఉంటుంది. నిందితుడి పేరు రెస్పాండెంట్ గడిలో వస్తుంది. ఇది తెలియక ఫిర్యాదు చేసినవాణ్ని ముద్దాయి అనుకున్నవాళ్లున్నారు. ఆ తర్వాత సెక్షన్లు, ఎఫ్‌ఐఆర్ వివరం, వాయిదాల పట్టిక, అన్నిటికంటే కింద ఆర్డర్లు. కోర్టు అప్‌లోడ్ చేసి ఉంటే తీర్పు పీడీఎఫ్ అక్కడే ఉచితంగా దిగుతుంది. అది చదువుకోవడానికి పనికొస్తుంది గానీ ఆఫీసులో ఇవ్వడానికి చెల్లదు. దానికి సర్టిఫైడ్ కాపీ కావాలి.

చివరి పేజీని చదవడం

వివరాల్లో "నేచర్ ఆఫ్ డిస్పోజల్" అనే గడి ఉంటుంది. ఈ అధ్యాయం మొత్తంలో మీరు గుర్తు పెట్టుకోవాల్సిన గడి అదే. మన ఊళ్లలో ముగిసిన కేసులన్నిటికీ "క్లోజైంది" అనే ఒకే మాట వాడతాం. ఆ మాట వెనక ఎన్నో వేర్వేరు ముగింపులున్నాయి.

అక్విటెడ్ అంటే విచారణ జరిగి నిర్దోషిగా వదిలేశారు. డిశ్చార్జ్ అంటే విచారణ మొదలుపెట్టేంత ఆధారమే లేదన్నారు. కాంపౌండెడ్ అంటే ఇరుపక్షాలూ రాజీపడ్డాయి; చట్టంలో దీనికి నిర్దోషిత్వంతో సమానమైన ఫలితం ఉంది. లోక్ అదాలత్‌లో తీరిన రాజీలు కూడా ఇక్కడ కనిపిస్తాయి. విత్‌డ్రాన్ అంటే ప్రభుత్వం ఉపసంహరించుకుంది. అబేటెడ్ అంటే నిందితుడు చనిపోవడంతో ఆగిపోయింది. కన్విక్టెడ్ అంటే శిక్ష పడింది.

ఒక్క విషయంలో చాలామంది చదువుకున్న పిల్లలు కూడా పొరపడతారు. పేకాటలోనో, తాగి బండి నడిపినందుకో పట్టుబడి, కోర్టుకెళ్లి తప్పు ఒప్పుకొని ఫైన్ కట్టి వస్తారు. "ఫైన్ కట్టిన, అయిపోయింది" అనుకుంటారు. నేరం ఒప్పుకొని ఫైన్ కట్టడమంటే శిక్ష పడినట్టే. ఉద్యోగ ఫారంలో "ఎప్పుడైనా శిక్ష పడిందా" అన్న గడిలో దాన్ని రాయాలి. ఫైన్ చిన్నదే కావచ్చు, దాచిపెట్టడం పెద్ద తప్పుగా మారుతుంది. తప్పు ఒప్పుకునే ముందే లాయరును ఒక్క మాట అడగండి. కోర్టు 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద వదిలిపెడితే, ఆ శిక్ష వల్ల వచ్చే అనర్హత ఉండదని అదే చట్టం 12వ సెక్షను చెబుతుంది. అలాంటి ఆర్డరు ఉన్నవాళ్లు దాని కాపీ తప్పకుండా దాచుకోవాలి.

సర్టిఫైడ్ కాపీ తీసుకోవడం

కేసు ఏ కోర్టులో తేలిందో ఆ కోర్టులోనే కాపీ దరఖాస్తు పెట్టాలి. దాన్ని సీఏ అంటారు, అంటే కాపీ అప్లికేషన్. కోర్టు ఫీజు స్టాంపు అంటించి ఇస్తే ఒక నంబరు వేస్తారు. తర్వాత ఎన్ని పేజీలో లెక్కగట్టి కాపీ ఖర్చు చెబుతారు. అది కడితేనే కాపీ తయారవుతుంది. దరఖాస్తు ఇచ్చి ఇంటికొచ్చి కూర్చుంటే, ఖర్చు కట్టలేదని కొట్టేసే ప్రమాదం ఉంది. కాబట్టి సీఏ నంబరు రాసుకొని, ఖర్చు ఎప్పుడు కట్టాలో, కాపీ ఎప్పుడిస్తారో నోటీసు బోర్డులో చూసుకుంటూ ఉండండి. లాయరు గుమాస్తాలకు ఈ పని రోజువారీదే. అయినా కేసులో పార్టీ అయినవాళ్లు సొంతంగానూ పెట్టుకోవచ్చు.

దరఖాస్తు ఇలా ఉంటే చాలు:

గౌరవనీయులైన జూనియర్ సివిల్ జడ్జి గారి కోర్టు, చెన్నూరు.
కేసు నంబరు: సీసీ ______ / సంవత్సరం ______. సీఎన్‌ఆర్: ______.
పార్టీలు: ప్రభుత్వం (చెన్నూరు పీఎస్, క్రైం నంబరు ______) వర్సెస్ ______.
తీర్పు తేదీ: ______.
దరఖాస్తుదారు: పేరు, తండ్రి పేరు, చిరునామా, ఫోన్. కేసులో స్థానం: 2వ నిందితుడు / ఫిర్యాదుదారు / పార్టీ కాదు.
కావలసినది: పై కేసులో తీర్పు సర్టిఫైడ్ కాపీ, 1.
కారణం: ఉద్యోగ ధ్రువీకరణలో సమర్పించడానికి.
తేదీ, సంతకం.

కేసులో పార్టీ కానివాళ్లకూ దారి ఉంది. ఆ కాపీ ఎందుకు కావాలో అఫిడవిట్‌లో చెప్పి జడ్జి అనుమతి తీసుకోవాలి. "ఊరికే చూద్దామని" అంటే అనుమతి రాదు. "ఈ కేసులో ఉన్న భూమినే కొనబోతున్నాను" అంటే అర్థమయ్యే కారణం.

ఇక్కడ ఆర్‌టీఐ దరఖాస్తు పెట్టి సమయం పోగొట్టుకోకండి. కోర్టు ఫైళ్ల కాపీలు కోర్టు నిబంధనల ప్రకారమే తీసుకోవాలని, సమాచార హక్కు చట్టం కింద కాదని 2020 మార్చి 4న గుజరాత్ హైకోర్టు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆర్‌టీఐ పనికొచ్చేది పోలీసుల దగ్గర. "నా పేరు మీద మీ కమిషనరేట్ పరిధిలో నమోదైన కేసుల నంబర్లు, ప్రస్తుత స్థితి తెలపండి" అని 10 రూపాయల ఫీజుతో అడగవచ్చు. తెల్లకార్డు ఉన్నవాళ్లకు ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి.

అడిగినా దొరకనివి, దొరకకూడనివి

చార్జిషీటు పబ్లిక్ డాక్యుమెంట్ కాదని 2023 జనవరి 20న సౌరవ్ దాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది నిందితుడికి, లాయరు ద్వారా బాధితుడికి అందుతుంది, బయటివాళ్లకు కాదు. రౌడీషీట్ల లాంటి హిస్టరీ షీట్లు పోలీసుల అంతర్గత కాగితాలని 2024 మే 7న అదే కోర్టు మళ్లీ గుర్తు చేసింది. 2018లో వచ్చిన లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్ పోలీసులకే తెరుచుకుంటుంది.

అత్యాచార బాధితురాలి పేరు గానీ ఆమెను గుర్తుపట్టే వివరం గానీ బయటపెట్టడం నేరం. మైనర్‌గా ఉన్నప్పుడు నడిచి ముగిసిన కేసు వివరాలను క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం పోలీసులు చెప్పడాన్ని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షను నిషేధించింది. విడాకుల కేసులు హిందూ వివాహ చట్టం ప్రకారం గోప్యంగా నడుస్తాయి. ఆ ఫైళ్లు చుట్టాల కోసం తెరుచుకోవు. ఈ తలుపులు మూసి ఉండటమే మంచిది. రేపు మన ఇంటి పిల్లను కాపాడేవి కూడా అవే.

ఇతరుల గురించి అడిగేటప్పుడు

పెళ్లి సంబంధమైతే దొంగచాటుగా ఆరా తీయడం కంటే ముఖాముఖిగా అడగడమే మర్యాద. "వదినా, మా అమ్మాయిది, మీ అబ్బాయిది ఇద్దరిదీ పోలీసు సర్టిఫికెట్ తీసుకుందాం, ఇద్దరికీ మంచిది" అంటే ఎవరికీ చిన్నతనం ఉండదు. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న అబ్బాయి అయితే అక్కడి పోలీసు సర్టిఫికెట్ కూడా అడగాలి. ఇక్కడి రికార్డు అక్కడి సంగతి చెప్పదు.

జైపూర్, మందమర్రి వైపు బయటి రాష్ట్రాల నుంచి పనికొచ్చినవాళ్లకు ఇల్లు కిరాయికి ఇచ్చేటప్పుడు ఆధార్ కాపీ, ఫోటో, పనిచేసే చోటు వివరం తీసుకొని స్టేషన్‌లో ఇవ్వండి. ఊరు వేరని, భాష వేరని అనుమానించకండి. కిరాయికి వచ్చే ప్రతి ఒక్కరినీ ఒకే పద్ధతిలో అడగండి.

భూమి కొనేటప్పుడు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చూసి ఆగిపోవద్దు. అమ్మేవారి పేరుతో, వాళ్ల అన్నదమ్ముల పేర్లతో ఓఎస్ కేసులు వెతకండి. పంపకాల దావా నడుస్తున్న భూమి అని బయానా ఇచ్చాక తెలిస్తే, ఆ డబ్బు వెనక్కి రావడానికి మీరూ ఓఎస్ వేయాల్సి వస్తుంది.

ఎన్నికల్లో నిలబడ్డవాళ్ల చరిత్ర అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. 2002 మే 2న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఓటరుకు ఆ హక్కు తెచ్చింది. ఎంపీ, ఎమ్మెల్యే అభ్యర్థులు తమ కేసులన్నీ ఫారం 26 అఫిడవిట్‌లో రాయాలి. అవి ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉంటాయి. 2018 సెప్టెంబరు 25 తీర్పు తర్వాత ఆ వివరాలను పేపర్లలో, టీవీల్లో కూడా ప్రచురించాలి. అక్కడ కూడా నమోదైన కేసు వేరు, శిక్ష పడిన కేసు వేరు అని చూసి చదవండి.

తెలుసుకున్నది వాట్సాప్ గ్రూపులో పెట్టడం వేరే సంగతి. నిర్దోషిగా బయటపడ్డవాళ్ల పాత ఎఫ్‌ఐఆర్‌ను ఊరంతా తిప్పితే మీ మీదే పరువునష్టం కేసు రావచ్చు. నిర్ణయం తీసుకోవడానికి తెచ్చుకున్న కాగితం ఆ నిర్ణయంతోనే ఆగిపోవాలి.

పేరు ఒకటే, మనిషి వేరైతే

రాజయ్య, పోచయ్య, లింగయ్య, మల్లయ్య పేర్లు మన ప్రతి ఊళ్లో ఉంటాయి. కంపెనీల తరఫున రికార్డులు చూసేవాళ్లు పేరు కలిస్తే చాలు, కేసు ఉందని రాసేస్తారు. అలా జరిగితే కోపంతో సమయం పోగొట్టుకోకండి. ఆ కేసు సీఎన్‌ఆర్ నంబరు అడిగి తీసుకోండి. తీర్పులో గానీ ఎఫ్‌ఐఆర్‌లో గానీ ఉన్న తండ్రి పేరు, వయసు, వృత్తి, ఊరు మీ ఆధార్, పదో తరగతి మెమోతో పోల్చి చూపిస్తూ రాతపూర్వకంగా జవాబివ్వండి. మీరు ఇంకొకరి గురించి వెతికేటప్పుడు కూడా ఈ నాలుగు వివరాలు కలవకుండా ఒక నిర్ణయానికి రావద్దు.

తీర్పు వచ్చినా స్టేషన్ రికార్డులో కేసు పెండింగ్ అని ఉండటం కూడా జరుగుతుంది. తీర్పు సర్టిఫైడ్ కాపీ జతచేసి స్టేషన్‌కు, కమిషనరేట్‌కు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

లాయరు ఖర్చు భరించలేకపోతే కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కమిటీ దగ్గరికి వెళ్లండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు 1987 చట్టం ప్రకారం ఉచితంగా లాయరును ఇస్తారు. 15100కు ఫోన్ చేసినా సాయం దొరుకుతుంది.

ఈ వారమే చేయాల్సిన పనులు

మీ ఇంట్లో 18 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరి పేరునూ ఈ-కోర్ట్స్‌లో మంచిర్యాల, ఆదిలాబాద్ రెండు జిల్లాల్లో వెతకండి. ఏదైనా కేసు కనిపిస్తే సీఎన్‌ఆర్, క్రైం నంబరు, ముగింపు మూడూ రాసుకోండి. ముగిసిన కేసైతే వెంటనే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. ఉద్యోగం వచ్చాక తొందరలో పరుగెత్తే కంటే ఇప్పుడే తెచ్చుకోవడం తేలిక. నడుస్తున్న కేసైతే వచ్చే వాయిదా తేదీ చూసుకొని లాయరును కలవండి, రాజీపడగల కేసైతే వచ్చే జాతీయ లోక్ అదాలత్ గురించి అడగండి. తెచ్చిన కాపీలన్నీ పదో తరగతి మెమో, కుల ధ్రువీకరణ పత్రం ఉన్న ఫైలులోనే పెట్టండి.

ఆ తర్వాత ఎవరైనా "నీ మీద కేసుండె కదా" అంటే తల దించుకోవాల్సిన పని లేదు. "ఉండె, ఫలానా తేదీన కోర్టు కొట్టేసింది, ఇదిగో తీర్పు" అని చెప్పగలుగుతారు. ఇంకొకరి గురించి అదే మాట వినిపించినప్పుడు, "మరి అదేమైంది?" అని ముందుగా అడిగే మనిషి మీరే అవుతారు.